కాలేజీ పాయింట్లు, ఎన్‌బీఏ పాయింట్లు: రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎలా చూస్తారు?

పాత స్కోర్‌బుక్:
అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా ఒక నోట్‌బుక్ రాసుకుంటున్నాను. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 30,000 పాయింట్లు దాటిన ప్రతి ఆటగాడికీ ఒక పేజీ. పైన పేరు, కింద కాలేజీ, ఆ కింద లెక్కలు. కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387, యూసీఎల్‌ఏ. కార్ల్ మలోన్ 36,928, లూసియానా టెక్. మైకేల్ జోర్డాన్ 32,292, నార్త్ కరొలైనా. విల్ట్ చాంబర్లేన్ 31,419, కాన్సాస్. లెబ్రాన్ జేమ్స్, కోబీ బ్రయంట్, డర్క్ నోవిట్జ్కీ కాలేజీ జట్లకు ఆడలేదు కాబట్టి వాళ్ల పేజీల్లో ఆ గడి ఖాళీ.

2025 ఫిబ్రవరిలో కెవిన్ డ్యురాంట్ 30,000 దాటాడు. పేజీ తెరిచి టెక్సస్ అని రాయబోతుంటే మా అక్క కొడుకు ఆపాడు. "ఆడింది ఒక్క సీజన్ మామయ్యా, దానికి కాలేజీ పేరెందుకు?" అన్నాడు. కరీమ్ యూసీఎల్‌ఏలో నాలుగేళ్లున్నాడు. వాడు అడిగినదాంట్లో న్యాయముంది. అసలు వేర్వేరు కాలాలవాళ్ల కాలేజీ లెక్కల్ని మీరెలా చదువుతారు? చూసినవి, అనుభవంలోకి వచ్చినవి రాయండి.

లారెన్స్‌లో ఎంఎస్:
అన్నా, నేను చదివింది కాన్సాస్‌లోనే. మా కాలేజీ కోర్టు అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నేను వెతికింది పైన వేలాడే 13వ నంబరు జెర్సీ కోసం. అది విల్ట్‌ది. మ్యాచ్‌లో నా పక్క సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన 1957 ఫైనల్ గురించి నిన్న జరిగినట్టు చెప్పారు. మూడు ఓవర్‌టైమ్‌లు, అంటే 55 నిమిషాల ఆట. చివరికి నార్త్ కరొలైనా 54, కాన్సాస్ 53. విల్ట్ 23 కొట్టినా ఓడిపోయారు.

అంత తక్కువ స్కోరు ఎందుకంటే అప్పుడు కాలేజీ ఆటకు షాట్ క్లాక్, అంటే ఇన్ని సెకన్లలోపు బంతిని రింగు వైపు వేయాలనే నిబంధన, లేదు. బంతి దొరికిన జట్టు దాన్ని అలా తిప్పుతూ కాలం గడిపేయొచ్చు. విల్ట్ చుట్టూ ఇద్దరు ముగ్గురు కాపలా. పైగా ఫస్టియర్ పిల్లల్ని ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు. అందుకే కాన్సాస్ తరఫున రెండే సీజన్లు ఆడాడు, ఆటకు సగటు 29.9 పాయింట్లు. ఆ ఆటతో విసిగి ఒక ఏడాది ముందే బయటికొచ్చేశాడు. తన బ్యాచ్ చదువు పూర్తయ్యేదాకా ఎన్‌బీఏలోకి రానివ్వని రోజులు కాబట్టి ఆ ఏడాది హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌తో తిరిగాడు.

ఎన్‌బీఏలో 24 సెకన్ల క్లాక్ 1954 నుంచే ఉంది. అక్కడికొచ్చాక 1961-62లో సగటు 50.4, ఆ సీజన్‌లోనే హెర్షీలో 100 పాయింట్లు. మనిషి ఒకడే, నిబంధనలు వేరు. ఆ పెద్దాయన మాట విన్నాక నేను పాత కాలేజీ సగటు ఎక్కడ కనిపించినా ముందు షాట్ క్లాక్ ఉందా లేదా అని చూస్తున్నాను.

స్కై హుక్:
లారెన్స్ తమ్ముడు చెప్పిన ఫస్టియర్ సంగతి కరీమ్‌కి ఇంకా బాగా వర్తిస్తుంది. అప్పటికి ఆయన పేరు లూ ఆల్సిండర్. 1965లో యూసీఎల్‌ఏ కొత్త కోర్టు పాలీ పెవిలియన్ ప్రారంభమైన రోజు ఆయన ఉన్న ఫస్టియర్ జట్టు యూసీఎల్‌ఏ ప్రధాన జట్టునే 75-60తో ఓడించింది. అంతకుముందు రెండేళ్లూ దేశపు చాంపియన్లు వాళ్లే! అయినా ఆ ఏడాది పాయింట్లేవీ ఆయన కాలేజీ లెక్కలోకి రాలేదు.

తర్వాత 1967లో కాలేజీ ఆటలో డంక్‌నే (ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి కుక్కడం) నిషేధించారు. ఆయన్ని ఆపడానికే అని అందరూ అన్నారు. మిగిలిన రెండు సీజన్లూ డంక్ లేకుండానే ఆడాడు, హుక్ షాట్‌కి (ఒంటి చేత్తో తల మీదుగా వంపుగా వేసేది) ఇంకా పదును పెట్టుకున్నాడు. ఎన్‌బీఏలో ఇరవై సీజన్ల పాటు ఎవ్వరూ ఆపలేకపోయింది ఆ షాట్‌నే. 38,387లో త్రీ పాయింటర్ (లైన్ అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) ఒకే ఒక్కటి. చిన్నప్పుడు మా కోచ్ గారు నాకు హుక్ నేర్పిస్తూ ఈ కథ చెప్పారు. రింగు కింద పొట్టివాణ్ణి, నాకు అదే దారి చూపించింది.

ఆ నిషేధం 1976 దాకా నడిచింది. దాని నష్టం ఎక్కువగా పడింది నార్త్ కరొలైనా స్టేట్ డేవిడ్ థాంప్సన్ మీద. గాల్లోకి అంత ఎత్తు ఎగిరే మనిషి, కాలేజీ రోజులన్నీ డంక్ లేకుండా గడిచిపోయాయి. సొంత కోర్టులో చివరి ఆటలో ఒకటి కొడితే టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. 1978 ఏప్రిల్ 9న ఎన్‌బీఏలో 73 కొట్టాడు. ఆ రాత్రే ఈస్టర్న్ మిషిగన్‌లో చదివిన జార్జ్ గెర్విన్ 63 కొట్టి, 27.22-27.15 సగటు తేడాతో ఆ సీజన్ స్కోరింగ్ టైటిల్ ఎగరేసుకుపోయాడు.

పొద్దున్నే అయిదింటి మ్యాచ్:
హైదరాబాద్ నుంచి. నాది పాత కాలం కాదు, 2017 మార్చి. మనకి శనివారం తెల్లవారుజాము. బోస్టన్‌లో ఫీనిక్స్ ఆట, ఆఫీసు సెలవు కదా అని పెట్టుకుని కూర్చున్నాను. డెవిన్ బుకర్ 70 కొట్టాడు, ఇరవై ఏళ్లకే. జట్టు ఓడింది కానీ నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. వెంటనే కెంటకీలో ఇతని లెక్క చూశాను. సగటు 10, బెంచ్ మీది నుంచి వచ్చేవాడు! ఆ కెంటకీ జట్టు 38 గెలిచి ఒక్కటే ఓడింది, అందరూ పెద్ద ఆటగాళ్లే, షాట్లు పంచుకోవాలి. ఆ రోజు నుంచి 10 అన్న అంకెను నేను చిన్నచూపు చూడను.

గాన్జాగా అభిమాని:
దీనికి రెండో వైపు కూడా రాయాలి. మా ఆడమ్ మారిసన్ 2005-06లో 28.1తో దేశంలోనే టాప్ స్కోరర్. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడోవాడు. ఎన్‌బీఏ సగటు 7.5 దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ బాధగా ఉంటుంది. లొయోలా మేరీమౌంట్ బో కింబుల్ 1989-90లో 35.3 కొట్టాడు, ఎన్‌బీఏలో నిలవలేదు. ఆ జట్టు మొత్తం సగటే 122, అంత వేగంగా పరిగెత్తేది. జట్టు ఎంత వేగంగా ఆడుతుందో తెలియకుండా ఒక్క మనిషి సగటు చూసి ఆశ పెట్టుకోకూడదని వీళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

హార్ట్‌ఫర్డ్ అక్క:
ఇంతసేపూ మగవాళ్ల ఆటే మాట్లాడారు. మా యూకాన్‌లో (కనెక్టికట్ యూనివర్సిటీ) చదివిన డయానా టొరాసీ మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 10,646 పాయింట్లతో 2025లో రిటైరైంది. 10,000 దాటిన మొదటి మహిళ. కాలేజీలో నాలుగేళ్లూ ఆడినా సగటు 15 మాత్రమే, ఎందుకంటే ఆ జట్టులో కొట్టగలవాళ్లు చాలామంది. అందులో మూడేళ్లు వరుసగా టైటిళ్లు గెలిచారు. స్కోర్‌బుక్ గారు, ఆమెకూ ఒక పేజీ ఇవ్వండి.

ఇంకొకటి. 2024 మార్చిలో అయోవా అమ్మాయి కేట్లిన్ క్లార్క్ కాలేజీ పాయింట్లలో పాతకాలపు ఆటగాడు పీట్ మరావిచ్ 3,667ను దాటిన రోజు మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా వారేమో మరావిచ్ పక్షం: మూడు సీజన్లు, 83 ఆటలు, త్రీ పాయింట్ లైన్ లేదు, సగటు 44.2. మా అమ్మాయి క్లార్క్ పక్షం: ఆమె మీద ఉన్న కాపలా, అంత దూరం నుంచి కొట్టే షాట్లు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నాలుగేళ్లలో 139 ఆటలాడి 3,951 దాకా వెళ్లింది. దాన్నీ తక్కువ చేయొద్దు, 83 ఆటల్ని మరిచిపోవద్దు. అయితే మరావిచ్‌కి లైన్ లేకపోవడం ఒక్కటే కాదండీ, కోచ్ వాళ్ల నాన్నే. ఎన్ని షాట్లు వేసినా ఆపేవాళ్లు లేరు. అదీ రాసుకోవాలి. ఎన్‌బీఏకి వచ్చాక కూడా 1976-77లో 31.1తో స్కోరింగ్ టైటిల్ గెలిచాడు కాబట్టి ఆ చేతి సత్తా మీద నాకు సందేహం లేదు.

ఫ్రీ త్రో బాబాయ్:
డాలస్ దగ్గర మన తెలుగు పిల్లలకి శని, ఆదివారాల్లో ఆట నేర్పిస్తాను. మొదటి రోజే కార్ల్ మలోన్ లెక్క చెప్తాను. ఎన్‌బీఏలో మొదటి సీజన్ ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం లేకుండా వేసేవి, ఒక్కోదానికి ఒక పాయింట్) 48 శాతం పడ్డాయి. రెండో ఏడాది 60, మూడో ఏడాది 70. చివరికి 9,787 ఫ్రీ త్రోలు రింగులో పడేసి రికార్డు పెట్టాడు, 36,928లో నాలుగో వంతు కన్నా ఎక్కువ అవే. డ్రాఫ్ట్‌లో పన్నెండు మంది తర్వాత పిలిచారు. కాలేజీ అంకెల్లో రాబోయే ఆ మార్పు ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి? మా దగ్గర ఒక పిల్లాడు ఏడుస్తూ వచ్చాడు, పదింట్లో మూడు పడుతున్నాయని. మలోన్ మూడేళ్ల అంకెలు బోర్డు మీద రాసి చూపించాను. ఇప్పుడు వాడికి ఆరు పడుతున్నాయి.

పాత స్కోర్‌బుక్:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి కూర్చుని ప్రతి పేజీలో కాలేజీ పేరు కింద నాలుగు గడులు కొట్టాను: ఎన్ని సీజన్లు, షాట్ క్లాక్ ఉందా, త్రీ పాయింట్ లైన్ ఉందా, జట్టు ఎలా ఆడేది. జోర్డాన్ పేజీ నింపుతుంటే అర్థమైంది. నార్త్ కరొలైనాలో కోచ్ డీన్ స్మిత్ దగ్గర బంతి అందరి చేతుల్లోనూ తిరిగేది, అందుకే 17.7. అక్కా, టొరాసీ పేజీ మొదలైంది. మరావిచ్ 30,000 దాటకపోయినా ఆయనకీ ఒకటి ఇచ్చాను. డ్యురాంట్ పేజీలో "టెక్సస్, ఒక సీజన్, 35 ఆటలు" అని రాశాను. మా అక్క కొడుకు చూసి సరేనన్నాడు.

పొద్దున్నే అయిదింటి మ్యాచ్:
బుకర్‌కి?

పాత స్కోర్‌బుక్:
ఇంకా చాలా దూరం ఉంది తమ్ముడూ. కానీ డ్యురాంట్ తర్వాత ఒక పేజీ ఖాళీగా వదిలాను.