సమస్యాపూరణం: "చిత్రమున లేదు చిత్రమ్ము చిత్రమయ్యె"

ఈ వారం ఇచ్చిన తేటగీతి (నాలుగు పాదాల పద్యం) పాదం ఇది. దీన్ని చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలూ మీరు రాయడమే పూరణ. పోయిన ఆదివారం తిరుపతిలో మిత్రులం కొందరం కలిసి ఒక జానపద హాస్యచిత్రం చూశాం. చూడ్డానికి రెండు కళ్లూ చాలనంత హంగు. విరామం దాటాక మాత్రం పక్క సీటు పెద్దాయన కునికిపాట్లు పడ్డాడు. బయట టీ తాగుతుంటే ఈ పాదం తట్టింది. చిత్రమంటే సినిమా, బొమ్మ, వింత. మీ ఇష్టం.

చంద్రగిరి మాష్టారి పూరణ:

కోట్లు కుమ్మరించిన మేటి కోటలుండె
నాగలోకమ్ము, గంధర్వ నగరి యుండె
కథను వెదకితి నెందును గానరాదు
చిత్రమున లేదు చిత్రమ్ము చిత్రమయ్యె

మాష్టారూ, ధార బాగుంది. "ఎందును గానరాదు" అని ద్రుతం (చివరి "ను") మీద సరళం ("కా" బదులు "గా") వేయడం ముచ్చటగా ఉంది. కానీ "మేటి" గణం (లఘువు, గురువు అనే పొట్టి, పొడుగు అక్షరాల జట్టు) నింపడానికి వచ్చిన మాట. "ఉండె" రెండుసార్లు పడింది. సినిమాలో నాకు కష్టమనిపించిందీ ఇదే. సెట్టు పక్కన సెట్టు, ఒకటి తీసేసినా కథకు తెలియదు.

పాకాల తమ్ముడు మొదటిసారి రాశాడు. అతని తొలి పాదం:

హాస్యగాండ్రు వచ్చి నవ్వించలేకపోయె

తమ్ముడూ, మూడో గణం "చ్చి నవ్విం" అని లఘువు, రెండు గురువులు అయింది. అది యగణం, అక్కడ ఉండాల్సిన ఇంద్రగణాల్లో లేదు. యతీ (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరపు పొత్తు) తప్పింది. హాస్యగాండ్రు బహువచనమైతే "పోయె" ఏకవచనం. ఇలా మార్చి చూడు:

హాస్యగాండ్రు నవ్వింపలే కలసిపోవ

లేక, అలసి కలిశాయి కనుక హా, అ అక్షరాలకు యతి చెల్లుతుంది. నువ్వు పట్టుకున్న విషయం మాత్రం అసలైనది. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసింది పెళ్లి చెడగొట్టడానికి. సావిత్రి ఒంట్లో రాక్షసుడి మొరటుతనం కనబడ్డప్పుడల్లా మనం నవ్వుతాం, ఆ నవ్వుతోనే కథ ముందుకు నడుస్తుంది. మొన్న చూసినదాంట్లో హాస్యం వచ్చిన ప్రతిసారీ కథ ఆగి నిలబడింది.

తిరుపతి అక్కయ్య పూరణ:

వేయి వేషాలు వెలుగును వెండితెరను
గంగ జాతర వేషాల గాథ వేరు
కారణము లేని వేషమ్ము కాన మచట
చిత్రమున లేదు చిత్రమ్ము చిత్రమయ్యె

అక్కా, మన ఊరి వాసన తెచ్చినావు! తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము (నామం పెట్టుకునే సుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి పూసుకుంటారు. దాక్కున్న పాలెగాడిని వెతికే అమ్మవారి వేషాలవి. దొర వేషం చూసి, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటపడతాడు, అమ్మ చేతిలో చస్తాడు. ఒంటికి పూసిన రంగు వెనక ఇంత కథ. ఈ సినిమాలో కథానాయకుడు ఆరు వేషాలు మార్చాడు, ఒక్కటీ ఎందుకో గుర్తు లేదు. ఒక్క లోటు: "అచట"కు ఎదురుగా "ఇచట" లేక నాలుగో పాదం కాస్త విడిగా నిలిచింది.

చిత్తూరు తాతగారు రాత్రి పొద్దుపోయాక పంపారు:

రెక్క గుఱ్ఱము నింగికి రేగినంత
మనుమరాలి కన్నుల వెల్గు మరల మరల
చూచుచుంటిని, తెరవైపు చూడనైతి
చిత్రమున లేదు చిత్రమ్ము, చిత్రమయ్యె!

తాతగారూ, రెండుసార్లు చదివాను. వింత తెర మీద లేదు, పాప కళ్లలో ఉందన్నారు. సమస్యలోని వైరుధ్యం పూర్తిగా విడిపోయింది. ఆ గుర్రం ఎగిరిన ఘట్టం నిజంగానే అందమైనది, దాన్ని మేం తక్కువ చేసి మాట్లాడాం. ఈ వారం ఉత్తమ పూరణ మీదే.

ఇప్పుడే మాష్టారు సవరణ పంపారు, కోటలు బంగారు రంగులోనే మెరిశాయి కదా అంటూ:

కోట్లు కుమ్మరించిన పైడి కోటలుండె
నాగలోకమ్ము, గంధర్వ నగరి వెలిగె

"పైడి" కుదిరింది మాష్టారూ.