ప్రపంచానికి మొదలుందని తర్కంతో నిరూపించొచ్చా? బొనవెంచర్, అక్వినాస్ వాదన దగ్గర ఇరుక్కున్నా

మధ్యయుగం ఫిలాసఫీ చదివినవాళ్లెవరైనా ఉంటే కాస్త హెల్ప్ చేయండి. 13వ శతాబ్దంలో ప్యారిస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన బొనవెంచర్ ఫ్రాన్సిస్కన్, థామస్ అక్వినాస్ డొమినికన్, రెండూ భిక్షాటన మీద బతికే క్రైస్తవ సన్యాసి సంఘాలే, ఇద్దరూ పోయింది కూడా 1274లోనే. ప్రపంచానికి మొదలుందని ఇద్దరూ నమ్ముతారు, అక్కడ పేచీ లేదు. కానీ బొనవెంచర్ ఏమంటాడంటే గడిచిన రోజులు అనంతం అయితే అవన్నీ దాటుకుని ఈరోజు దాకా రావడమే కుదరదు, కాబట్టి మొదలు ఉండి తీరాలి అని. నాకైతే కరెక్టే అనిపించింది. అక్వినాస్ మాత్రం అది విశ్వాసంతో తెలిసేదే గానీ తర్కంతో తేలదంటాడు, వెనక్కెళ్లి ఏ రోజు తీసుకున్నా అక్కణ్ణుంచి ఈరోజుకి లెక్కపెట్టగలిగినన్ని రోజులే కదా, దాటలేనిదేముంది అని. ఇక్కడే ఆగిపోయా. ఒక్కో రోజు సంగతి సరే, మొత్తం రోజుల సంగతేంటి? ఇది తప్పించుకునే జవాబా, నేనే ఏదో మిస్ అవుతున్నానా? మన తర్కంలో అనవస్థా దోషం (దీనికి ఆధారం అది, దానికి ఇంకోటి అంటూ ఎక్కడా ఆగకుండా పోవడం) అంటారే, అదీ ఇదీ ఒకటేనా? నాకు లాటిన్ రాదు, సింపుల్‌గా చెప్పండి ప్లీజ్.