జపనీసా, చైనీసా, సైగల భాషా? మా కాలేజీలో ఒక్కదానికే చోటుందట

మెట్టుగుట్ట
హన్మకొండలో డిగ్రీ సెకండియర్. వచ్చే సెమిస్టర్‌లో మా కాలేజీలో కొత్తగా ఒక భాషా కోర్సు పెడతారట. రెండు క్రెడిట్లు, వారానికి రెండు క్లాసులు, ఓనమాల నుంచే మొదలు. జపనీస్, చైనీస్, మన దేశపు సైగల భాష, ఈ మూడింట్లో ఎక్కువమంది ఏది అడిగితే అదే. వాట్సాప్ గ్రూపులో అందరూ జపనీస్ జపనీస్ అంటున్నారు. నేను సైగల భాష అన్నందుకు నవ్వే బొమ్మలు పెట్టారు, "చేతులూపితే క్రెడిట్లేందిరా" అని ఒకడు. మీరేమంటారు?

కాజీపేట జంక్షన్
జపనీసే, ఇందులో ఆలోచించేదేముంది. పనివాళ్ల కోసం జపాన్‌తో మన దేశానికి 2021లోనే ఒప్పందమైంది, టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ సర్కారు సంస్థ) వాళ్లు నర్సులకు భాష నేర్పించి మరీ పంపుతున్నారు. మాది జగిత్యాల దగ్గర. మా ఊళ్లో ఏ గల్లీకి పోయినా గల్ఫ్ పోయినోళ్లే, ఏజెంటుకు అప్పుచేసి కట్టి, అక్కడి మాట ఒక్కటీ రాకుండా విమానమెక్కినోళ్లే. భాష నేర్చుకొని పోవడం ఎంత తేడానో మా బాపును అడగండి. పైగా మన వాక్యం వరసే వాళ్లది కూడా: నేను అన్నం తింటాను అంటే వతాషివా గొహన్‌ఓ తబెమస్. చివర 'కా' తగిలిస్తే ప్రశ్న, మనం "తింటావా" అన్నట్టే.

బండ్ మీద వాకింగ్
అన్నా, వరస మనదే కానీ రాత మనది కాదు. హిరగానా అక్షరాలు 46, కటకానా అక్షరాలు 46, అవి అయ్యాక చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాలు, రోజువారీ వాడకానికి జపాన్ సర్కారు పెట్టిన జాబితాలోనే 2,136 ఉన్నాయి. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికన్నా కింది మెట్టు ఎన్5, దానికే నాకు ఏడాది పట్టింది. ముసలివాళ్లను చూసుకునే పనికి పోవాలన్నా ఇంకో మెట్టెక్కి ఎన్4 దాకా రావాలి. రెండు క్రెడిట్లతో వచ్చేది నమస్కారం, నా పేరు ఫలానా, అంతే. జపాన్ పోవాలనుకునేవాడు ఎట్లాగూ బయట కోచింగ్ తీసుకుంటాడు.

ఎర్రగట్టు
చైనీస్ ఊసే లేదేం? మా కజిన్ అక్కడ ఎంబీబీఎస్ చేశాడు. పాఠం ఇంగ్లిష్‌లోనే, కానీ వార్డులో పేషెంట్ మాట్లాడేది చైనీస్. 'మా' అనే మాటను నాలుగు రకాలుగా పలికితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం. ముందే కొంత వచ్చి ఉంటే వాడికి అంత టెన్షన్ ఉండేది కాదు.

కాజీపేట జంక్షన్
గల్వాన్‌లో మన సూర్యాపేట సంతోష్ బాబు గారు పోయాక కూడా చైనీసేనా?

ఎర్రగట్టు
అన్నా, సరిహద్దులో ఎదురుగా ఉన్నవాడు ఏం మాట్లాడుతున్నాడో తెలియాలన్నా ఆ భాష రావాలి కదా.

నయీంనగర్ అక్క
మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. పోయినేడు కడుపునొప్పితో ఒక్కడే ఆస్పత్రికి పోయాడు. అక్కడివాళ్లు నోటితో గట్టిగా అడిగారట (వినపడనివాడిని గట్టిగా అడగడమేంటో), తర్వాత కాగితం ఇచ్చి రాయమన్నారు. అందరూ ఇక్కడే పొరపడతారు. వాడి మొదటి భాష సైగలు, తెలుగు వాడికి బడిలో నేర్చుకున్న రెండో భాష. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది అనేది వాడు చేతులతో అర నిమిషంలో చెప్తాడు, రాయాలంటే తడబడతాడు. మా అమ్మ ఆటోలో వచ్చేదాకా గంటన్నర బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ బిల్డింగులో అంతమంది నర్సులు, ఫార్మసీ పిల్లలు ఉన్నారు, ఒక్కరికీ "నొప్పి ఎక్కడ" అనే సైగ రాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షలు. జపాన్‌వాళ్లు మీకు ఎప్పుడు ఎదురవుతారో గానీ మా తమ్ముడు రోజూ హన్మకొండ చౌరస్తాలోనే బస్సెక్కుతాడు.

కాజీపేట జంక్షన్
అక్కా, బాధ అర్థమైంది. కానీ అది సేవ. సేవకు ఎన్‌ఎస్‌ఎస్ ఉంది, భాష పేరుతో క్రెడిట్లెందుకు?

నయీంనగర్ అక్క
సేవ కాదు తమ్మీ, భాషే. దానికి వ్యాకరణముంది. "నీ పేరు ఏంది" అని అడగాలంటే నీ, పేరు, ఏంది అదే వరసలో సైగ చేస్తారు, ఇంగ్లిష్ లాగా 'ఏంది' ముందుకు రాదు. అవునా కాదా అనే ప్రశ్నైతే కనుబొమ్మలు లేస్తాయి. ప్రపంచమంతా ఒకటే అనుకుంటారు, కాదు. అమెరికావాళ్లూ బ్రిటన్‌వాళ్లూ మాట్లాడేది ఇంగ్లిషే, కానీ ఒకరి సైగలు ఇంకొకరికి అర్థం కావు. ఢిల్లీలో 2015లో దీనికోసమే సంస్థ పెట్టారు, వాళ్ల నిఘంటువులో 10,000కు పైనే మాటలున్నాయి, ఫ్రీగా చూడొచ్చు.

చాక్‌పీస్
డిగ్రీ లెక్చరర్‌ని. క్రెడిట్ల పవిత్రత గురించి మాట్లాడేవాళ్లలో ఇంటర్లో సంస్కృతం తీసుకోనిదెవరో చెప్పండి. ఒక్క శ్లోకం గుర్తుందా? వచ్చిన తొంభై మార్కులు మాత్రం గుర్తుంటాయి. నా అనుమానం వేరే: చెప్పేదెవరు? జపనీస్‌కు ఆన్‌లైన్‌లోనైనా టీచర్ దొరుకుతారు. సైగల భాషను రెండు రోజుల వర్క్‌షాప్‌కు పోయొచ్చిన లెక్చరర్ చేత చెప్పిస్తే వచ్చేది ఏ బీ సీ డీలు వేళ్ల మీద చూపించడం వరకే. వినపడని మనిషే వచ్చి, మాటలు బంద్ పెట్టించి చెప్పాలి. అది కుదరకపోతే జపనీసే నయం.

మెట్టుగుట్ట
సార్ మాట కరెక్టే. ఫారానికి రేపే ఆఖరు, నేను సైగల భాషకే వేశాను, కింద రాసే చోట "వినపడని టీచర్ కావాలి" అని కూడా రాశాను. అక్కా, మీ తమ్ముడు ఒకసారి మా క్లాసుకు వస్తాడా? గ్రూపులో నవ్వినోళ్లను ముందు బెంచీలో కూర్చోబెడతా.

నయీంనగర్ అక్క
అడిగాను. జీతమెంత అంటున్నాడు.