చూరు మీద పెంట: రకూనా, మానుపిల్లా? ఎలా శుభ్రం చేయాలి?

కొబ్బరితోట_రాజోలు:
పెంకుటింటి చూరు మీద ఒకే చోట రోజూ పెంట పడుతోందండి. వేలెడు పొడవు, నల్లగా, నిండా బొప్పాయి గింజలు. రాత్రి తీసిన వీడియోలో కళ్ళ చుట్టూ నలుపు, పొడుగాటి తోక కనిపించాయి. న్యూజెర్సీలో ఉన్న మా బావగారికి పంపితే "అది రకూన్, దాని పెంటలో మెదడుకెక్కే పురుగుంటుంది, పిల్లల్ని అటు పోనివ్వకండి" అన్నారు. కోనసీమలో రకూన్లున్నాయా? బ్లీచింగ్ పౌడర్ చల్లితే సరిపోతుందా?

జంతుశాస్త్రం_కాకినాడ:
లేవండి. రకూన్ కుటుంబం మొత్తం అమెరికా ఖండాలదే. జర్మనీలో, జపాన్‌లో ఉన్నవి మనుషులు తీసుకెళ్ళి వదిలినవాటి సంతతి. జర్మనీలో ఆ పని 1934లో ఏడర్‌జే సరస్సు దగ్గర జరిగింది.

మీకు వచ్చేది మానుపిల్లి. వీడియోలో తోక చూడండి. మానుపిల్లికి ముఖాన ముసుగుంటుంది కానీ తోకకు పట్టీలుండవు. పునుగుపిల్లికి తోకనిండా పట్టీలుంటాయి, ముసుగుండదు, పైగా అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. రెండూ ఉంటే రకూన్.

ముసుగు కలిసింది కదా అని చుట్టరికం కలపకూడదు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలినట్టు, మాంసాహార జంతువులు రమారమి 5 కోట్ల ఏళ్ళ కిందట రెండు పాయలయ్యాయి. పిల్లి పాయలో పులి, ముంగిస, మానుపిల్లి. కుక్క పాయలో ఎలుగు, నీటికుక్క, రకూన్. అంటే మీ మానుపిల్లి కంటే కోరంగి మడల్లో తిరిగే నీటికుక్కే రకూన్‌కి దగ్గరి చుట్టం. పెద్దపెద్ద శాస్త్రవేత్తలే ఇక్కడ పొరబడ్డారు లెండి: 1758లో లిన్నేయస్ రకూన్‌ని ఎలుగుల్లో వేశాడు, 1774లో ష్రేబర్ ఆ కుటుంబానికే చెందిన కింకజూ అనే జంతువుని లీమర్ (కోతులకు దూరపు చుట్టం) అన్నాడు. ఎర్ర పాండాని కూడా చాలాకాలం రకూన్ కుటుంబంలోనే ఉంచారు, ఇప్పుడు దానికి వేరే కుటుంబం ఉంది.

పశువైద్యం_అమలాపురం:
జంతువు సంగతి తేలింది కాబట్టి పురుగు సంగతి. మీ బావగారు భయపడింది బేలిసాస్కారిస్ ప్రోసయోనిస్ అనే ఏలికపాము గురించి. అమెరికాలో ఆ భయం సబబే. ఒక్కో ఆడపురుగు రోజుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. రకూన్‌లు ఒకే చోట పెంట వేస్తాయి కాబట్టి అక్కడి మట్టి గుడ్లమయం. మట్టి నోట్లో పెట్టుకునే పిల్లల కడుపులో ఆ గుడ్డు పగిలి, పిల్లపురుగు దారి తప్పి మెదడుకో కంటికో చేరుతుంది. రకూన్ పేగులో బుద్ధిగా ఉండే పురుగు వేరే ఒంట్లో తిరుగుబోతు అవుతుంది, జబ్బంతా అందులోనే ఉంది. కుక్క పేగులోనూ ఇది పెరగగలదు, అందుకని అమెరికా నుంచి కుక్కను తెచ్చుకునేవాళ్ళు పెంట పరీక్ష చేయించాలి.

మన దగ్గర ఇదే కథ నడిపేది కుక్కల, పిల్లుల పేగుల్లో ఉండే టాక్సోకారా అనే ఏలికపాము. మానుపిల్లికీ ఏలికపాములుంటాయి కాబట్టి పెంటను తేలిగ్గా తీసుకోవద్దు.

తాజా గుడ్డు వెంటనే అంటదు, పక్వానికి రావడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. అందుకే రోజూ తీసేయడమే అసలు మందు. రబ్బరు గ్లవుజులు, ఎన్95 మాస్కు వేసుకోండి. ముందు కొంచెం నీళ్ళు చిలకరించండి, పొడిగా ఊడిస్తే దుమ్ము ముక్కులోకి పోతుంది. రేకుతో ఎత్తి లోతుగా పాతిపెట్టండి. పెంకుల మీద, గచ్చు మీద సలసల మరిగే నీళ్ళు పోయండి. 62 డిగ్రీలు దాటితే గుడ్డు చస్తుంది కానీ బిందెలో తెచ్చేసరికి చల్లారిన నీళ్ళతో పని జరగదు. బ్లీచింగ్ పౌడర్ గుడ్డు పైనున్న జిగురును వదిలిస్తుందేగానీ గుడ్డును చంపదు.

కొబ్బరితోట_రాజోలు:
మంట చూపిస్తే చస్తాయని వీడియోలో చెప్పారండి. పక్కనే తాటాకు పాక ఉంది. ఇంకోటి, బడిలో వేసే నులిపురుగుల మాత్ర పిల్లలకు పడింది, అది చాలదా?

పశువైద్యం_అమలాపురం:
తాటాకు పక్కన మంట మాట ఎత్తకండి బాబూ. అటక చెక్కకు మరిగే నీళ్ళూ వద్దు, సబ్బు కలిపిన వేడినీళ్ళలో గుడ్డ ముంచి రెండు మూడుసార్లు తుడిచి, గుడ్డ కాల్చేయండి.

బడి మాత్ర 400 మి.గ్రా. ఆల్బెండజోల్, ఒక్క డోసు. అది పేగులోని పురుగుకు. ఒంట్లో తిరిగే పిల్లపురుగుకు చాలదు. రకూన్ పెంట నోట్లోకి పోయిందని అనుమానమొస్తే అమెరికాలో అదే మందును కిలో బరువుకు రోజుకు 25 నుంచి 50 మి.గ్రా. చొప్పున 10 నుంచి 20 రోజులు, అదీ లక్షణాలు కనపడక ముందే, డాక్టరు చూస్తూ ఇస్తారు. మీ పిల్లలకు అది అక్కర్లేదు. ఇంట్లో కుక్కపిల్లలుంటే మాత్రం 2, 4, 6, 8 వారాల వయసులో పురుగుల మందు పట్టించండి. టాక్సోకారా తల్లి కడుపులోనే పిల్లకు అంటుకుంటుంది.

ల్యాబ్_రావులపాలెం:
అనుమానం తీరాలంటే పెంటలోని పురుగు గుడ్లను పంచదార పాకంలో పైకి తేల్చి చూడటమే. తెల్లారి పడ్డదే తీసుకోండి, ఎండినదాంట్లో ఈగ పురుగులు చేరి తికమక పెడతాయి. పంచదార 454 గ్రాములు, నీళ్ళు 355 మి.లీ. వేడిచేసి కరిగిస్తే సాంద్రత 1.27 వస్తుంది. గింజలు ఏరేసి 3 గ్రాముల పెంట నీళ్ళలో కలిపి, టీ వడపోతలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పే ల్యాబ్ యంత్రం) తిప్పి పైనీళ్ళు పారబోయాలి. అడుగు మడ్డిలో పాకం పోసి మళ్ళీ తిప్పి, అంచుదాకా నింపి కవర్‌స్లిప్ (పలచటి గాజుబిళ్ళ) పెట్టి 10 నిమిషాలు ఆగి, దాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి. టాక్సోకారా గుడ్డు పెంకు సూదితో పొడిచినట్టు గుంటలుగుంటలుగా ఉంటుంది. బేలిసాస్కారిస్‌ది సన్న రవ్వ అద్దినట్టుంటుంది.

మానుపిల్లి చూరులోకి దూరే కన్నం ఉంటే, దాన్ని మూసేముందు ఒక్క పని చేయండి. కన్నం ముందు ముగ్గుపిండి పలచగా చల్లి, వరసగా మూడు రాత్రులు అడుగులు చూడండి. లోపల పిల్లలుంటే తల్లి వచ్చిపోతూనే ఉంటుంది. అవి వెళ్ళేదాకా ఆగి, తర్వాత ఇనప జాలీ కొట్టి, చూరును తాకే కొమ్మలు నరకండి. మానుపిల్లిని పట్టడం, చంపడం నేరం.