ఉగాది డబ్బు మిగిలింది: పోలీసు హింస మీద పోరాడేవాళ్లకి ఇద్దామా, మన పిల్లలకే ఉంచుదామా?

కోశాధికారి
అందరికీ నమస్కారం. మన సియాటిల్ సంఘం ఉగాది ఖర్చులన్నీ పోను 8,000 డాలర్లు మిగిలాయి. హాలు అద్దె తక్కువకి దొరికింది, భోజనాలవాళ్లు బిల్లులో కొంత వదిలేశారు. కమిటీలో రెండు మాటలు వచ్చాయి. మొత్తం ఇక్కడ చదువుకునే తెలుగు పిల్లల ఆపద నిధికి పెట్టాలని కొందరు. సగం, అంటే 4,000, రెయినియర్ వ్యాలీలో ఉన్న ఒక చిన్న సంస్థకి ఇవ్వాలని ఇంకొందరు. పోలీసుల చేతిలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకి తోడుగా వాళ్లు ఇన్‌క్వెస్ట్‌లకి (ఆ చావుల మీద జరిగే అధికారిక విచారణలకి) వెళ్తారు, కౌన్సిల్ మీటింగులకి జనాన్ని పోగుచేస్తారు, సాయంత్రాలు ఆ పేట కుర్రాళ్లకి భోజనం పెట్టి బాస్కెట్‌బాల్ ఆడిస్తారు. పోలీసు కారు గుద్ది చనిపోయిన మన జాహ్నవి కందుల కోసం జరిగిన ర్యాలీలకీ వచ్చారు. ఆదివారం ఓటింగ్. ఈలోగా ఇక్కడ మాట్లాడుకోండి, మర్యాదగా.

బెల్‌వ్యూ_బాబాయ్
ఇందులో మాట్లాడుకోవడానికి ఏముందో నాకర్థం కాదు. ఉగాది పేరు చెప్పి వసూలు చేసింది ఉగాదికో మన పిల్లలకో పోవాలి. జాహ్నవికి జరిగింది దారుణం, ఎవరూ కాదనరు, ఆ కుటుంబానికి నేనూ పంపాను. కానీ ఈ సంస్థ వాళ్ల గొడవ వేరు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు చంపినప్పుడు ఇలాంటి వాళ్లే రోడ్డెక్కి పోలీసు బడ్జెట్ సగం కోయించారు. ఫలితం అనుభవిస్తున్నాం కదా. మా బావమరిది కారు అద్దం పగలగొట్టి లాప్‌టాప్ పట్టుకుపోతే ఆన్‌లైన్‌లో రిపోర్ట్ పెట్టుకోమన్నారు, మనిషన్నవాడు రాలేదు.

లెక్కల_మనిషి
సగం కోయలేదు బాబాయ్ గారూ. 50 శాతం కోస్తామని కౌన్సిల్‌లో చాలామంది మాటిచ్చారు, అంతవరకే. ఆ నవంబరులో పాసైన బడ్జెట్‌లో కోత 20 శాతం లోపే. అందులోనూ పెద్ద ముక్క పార్కింగ్ టికెట్లు రాసేవాళ్లనీ 911 అత్యవసర ఫోన్లు ఎత్తేవాళ్లనీ పోలీసు శాఖ నుంచి తప్పించి వేరేచోట చూపించడమే.

బెల్‌వ్యూ_బాబాయ్
20 అయితే ఏంటి, 50 అయితే ఏంటి? పోలీసులు ఉద్యోగాలు వదిలేసి పోయారా లేదా?

లెక్కల_మనిషి
పోయారు, వందల మంది. అది వేరే విషయం. మీరు రాసింది "సగం కోయించారు" అని. అది తప్పు, సరిచేయండి.

పోపుల_పెట్టె
మొదలైంది. నేను టీ పెట్టుకుని వస్తా.

ఆడిటర్_సుబ్బు
మనది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న చారిటీ. రాజకీయాలకి డబ్బు ఇస్తే పన్ను మినహాయింపు పోతుంది. ఎవరైనా ఆలోచించారా?

వాన_పిల్ల
సుబ్బు గారూ, ఎన్నికల్లో అభ్యర్థులకి ఇవ్వకూడదు. వాళ్లదీ 501(సి)(3)నే, ఒక చారిటీ ఇంకో చారిటీకి ఇవ్వొచ్చు.

ఇక అసలు విషయం. అందరూ జాహ్నవి గురించి ఒక లైను రాసి "కానీ" అంటున్నారు, కొత్తగా వచ్చినవాళ్లకి ఆ లైను వెనక ఏముందో తెలియదు, కాబట్టి రాస్తున్నా. 2023 జనవరి 23 రాత్రి, డెక్స్టర్ అవెన్యూ, థామస్ స్ట్రీట్ కలిసేచోట ఆ అమ్మాయి జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతోంది. ఆదోని పిల్ల, 23 ఏళ్లు, నార్త్‌ఈస్టర్న్‌లో మాస్టర్స్. గంటకి 25 మైళ్లు దాటకూడని రోడ్డు మీద పోలీసు కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. సైరన్ నిలకడగా మోగడం లేదు, మధ్యమధ్యలో కూత పెట్టడమే. గుద్దితే వంద అడుగులకి పైగా ఎగిరిపడింది. ఆ తర్వాత పోలీసు యూనియన్ ఉపాధ్యక్షుడు తన అధ్యక్షుడితో ఫోన్‌లో నవ్వుతూ, 11,000 డాలర్ల చెక్కు రాసిస్తే సరిపోతుంది, ఆమెకి పెద్ద విలువేం లేదు అన్నాడు. వయసు కూడా తప్పే చెప్పాడు, 26 అన్నాడు. ఒంటి మీద కెమెరా ఆన్‌లో ఉండిపోబట్టి ఆ మాటలు దొరికాయి. అవి జనానికి చేరింది సెప్టెంబరులో.

2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ క్రిమినల్ కేసు పెట్టలేమని తేల్చేశారు. గుద్దినవాడికి ట్రాఫిక్ చలానా, ఎక్కువలో ఎక్కువ 5,000 డాలర్లు. నవ్వినవాణ్ని ఆ జులైలో ఉద్యోగం నుంచి తీసేశారు. గుద్దినవాణ్ని తీసేయడానికి 2025 జనవరి దాకా పట్టింది. ఆ మధ్యలోనే, 2024 మేలో, కౌన్సిల్ ఆ పోలీసు యూనియన్‌తో ఒప్పందం చేసుకుని జీతాలు 20 శాతం పైన పెంచింది. ఆ ఇద్దర్నీ తీసేయడం దానంతట అదే జరిగిన పని కాదు, ప్రతిసారీ ఎవరో ఒకరు సిటీ హాలుకి వెళ్లి మైకు ముందు నిలబడ్డారు. నేను వెళ్లిన ర్యాలీలో వాన పడుతోంది, ప్లకార్డులకి చెత్త కవర్లు తొడిగారు. ఒక నల్లజాతి పెద్దావిడ నా దగ్గరికొచ్చి జాహ్నవి పేరు ఎలా పలకాలో అడిగి, రెండు మూడుసార్లు లోపల్లోపల అనుకుని, అప్పుడు మైకు దగ్గరికెళ్లింది. మన ఉగాదికి వచ్చే జనంలో పదో వంతు కూడా ఆ రోజు అక్కడ లేరు.

ఆడిటర్_సుబ్బు
కౌన్సిల్ మీటింగులకి జనాన్ని తీసుకెళ్లడం లాబీయింగ్ కిందికి వస్తుంది.

వాన_పిల్ల
కొంతమేర లాబీయింగ్ చేసుకోవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది.

ఆడిటర్_సుబ్బు
కొంతమేర అంటే ఎంత?

బెల్‌వ్యూ_బాబాయ్
తల్లీ, నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క నేను కాదనను. ఆ నవ్వు వీడియో చూసి రాత్రి నిద్రపట్టలేదు నాకు. కానీ ఆ ఒక్కడి తప్పుకి మొత్తం పోలీసు వ్యవస్థని పడగొట్టాలా? పైగా ఆ పడగొట్టిన డబ్బు ఏం చేశారో కూడా చెప్పు. జనమే ఓటేసి ఖర్చు పెట్టుకుంటారని 30 మిలియన్లు పక్కన పెట్టారు కదా, ఏమైంది?

లెక్కల_మనిషి
పడగొట్టిన డబ్బు అనకండి, పోలీసు శాఖ ఇంకా ఉంది. ఆ 30 మిలియన్ల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తా. 2020లో ప్రకటించారు, ఓటింగ్ జరిగింది 2023 చివర్లో. ఏం కావాలో జనాన్ని అడిగే పరిశోధనకే 3 మిలియన్లు కేటాయించారు. అది ఎవరి ద్వారా నడవాలి, లెక్కలు ఎవరు చూడాలి అని నల్లజాతి సంఘాల్లోనే తగువులు. ఆఖరికి 27 మిలియన్ల పైచిలుకు ఇచ్చారు. గెలిచినవాటిలో పబ్లిక్ మరుగుదొడ్లు, ఊళ్లో కూరగాయల సాగు లాంటివి ఉన్నాయి.

బెల్‌వ్యూ_బాబాయ్
చూశారా! పోలీసులు మనుషుల్ని చంపుతున్నారని మొదలుపెట్టి మరుగుదొడ్ల దగ్గర తేలారు.

వాన_పిల్ల
అందులో వింతేముంది బాబాయ్ గారూ? డౌన్‌టౌన్‌లో ఇల్లులేని మనిషికి రాత్రిపూట వెళ్లడానికి చోటు ఉండదు, సందులో కూర్చుంటాడు, ఎవరో 911కి చేస్తారు, తుపాకి ఉన్నవాడు వస్తాడు. అతనికి మతి సరిగ్గా లేకపోతే చెప్పిన మాట వినడు, అక్కణ్నుంచి ఏదైనా జరగొచ్చు. అసలు పోలీసు రావాల్సిన అవసరమే లేకుండా చేయడం కూడా ఈ పనిలో భాగమే. ఆలస్యం చేశారు, నిజమే. ఆలస్యం చేసింది సిటీ, దానికి ఆ బాస్కెట్‌బాల్ కోచ్‌ని తిడితే ఎలా?

కిర్క్‌లాండ్_కోడలు
నేనెప్పుడూ రాయను, ఇది చదివి రాస్తున్నా. మా ఆయన వైపు బంధువుల అబ్బాయి ఉద్యోగం పోయి మా ఇంట్లో ఉన్నాడు. ఒకరోజు రాత్రి బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని తలుపు తీయలేదు. 911 చేయాలా వద్దా అని ఫోన్ పట్టుకుని నేను, వద్దు పోలీసులొస్తారు అని మా ఆయన. ఆఖరికి చేశాను. నలుగురు వచ్చారు, ఇద్దరి చేతులు తుపాకి మీదే ఉన్నాయి, బూట్లతో మా పూజగది ముందు నుంచే నడిచి వెళ్లారు. ఎవరికీ ఏం కాలేదు, అబ్బాయి బతికాడు, వాళ్లు మర్యాదగానే మాట్లాడారు కూడా. కానీ వాడు బయటికి రాగానే చేతులు పైకెత్తి నిలబడ్డాడు, ఎవరూ ఎత్తమనకుండానే. సియాటిల్‌లో 2023 అక్టోబరు నుంచి కేర్ టీమ్ అని ఆయుధాలు లేని కౌన్సెలర్లని కొన్ని ఫోన్లకి పంపుతున్నారు. మా వైపు అప్పుడు అలాంటిది ఉందని కూడా నాకు తెలియదు. పిల్లల ఆపద నిధి అంటున్నారు కదా, ఆపద అంటే ఇంటి అద్దె, విమానం టికెట్టు ఒక్కటేనా?

పోపుల_పెట్టె
అక్కా, ఇది చదివాక జోకులు వేయాలనిపించట్లేదు.

ఆదోని_అబ్బాయి
నాకు ఓటు లేదు, ఇండియా నుంచి చదువుతున్నా. మాది ఆదోని దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మా చిన్నాన్నని మోటారు దొంగతనం చేశాడని స్టేషన్‌కి తీసుకెళ్లి రెండు రోజులు ఉంచారు. మోటారు వేరేచోట దొరికింది, వదిలేశారు. ఆ తర్వాత ఆయన కింద కూర్చుని అన్నం తినడం నేను చూళ్లేదు, మోకాళ్లు వంగేవి కావు, స్టూలు మీద కూర్చుని ఒళ్లో పళ్లెం పెట్టుకునేవాడు. హక్కుల సంఘం వాళ్లు ఇద్దరు బస్సులో వచ్చారు, చార్జీలు కూడా వాళ్లే పెట్టుకుని. అంతా రాసుకుని కలెక్టరు దాకా వెళ్లారు. మన దగ్గర ఆ సంఘాలు ఫండింగ్ జోలికి పోకుండా సభ్యుల చందాల మీదే నడిచాయి, అందుకని 4,000 డాలర్ల గురించి ఇంత చర్చ చూస్తుంటే నాకు కొంచెం నవ్వొస్తోంది. వాళ్లకి కావలసింది మనుషులు. అది అటుంచండి. అమెరికాలో పోలీసు తప్పు చేస్తే ఇంత బాధపడే మీరు 2019 డిసెంబరు 6న ఏం పోస్టులు పెట్టారో ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి. దిశ కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ రోజు.

బెల్‌వ్యూ_బాబాయ్
నాకు వెనక్కి వెళ్లే పని లేదు. ఆ రోజు సంతోషించాను, ఇవాళా అదే మాట. అక్కడే ఉంటే పోలీసుల మీద నేనూ పూలు చల్లేవాణ్ని. ఆడపిల్లని అలా కాల్చినవాళ్లకి కోర్టులు, వాయిదాలు, బెయిలు ఎందుకు?

వాన_పిల్ల
వాళ్లే చేశారని ఎవరు తేల్చారు? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో రిపోర్ట్ ఇచ్చింది, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. అక్కడ విచారణ లేకుండా చంపితే పూలు, ఇక్కడ మన పిల్లని చంపితే న్యాయం కావాలి. మీకు పోలీసు హింస మీద అభ్యంతరం లేదు బాబాయ్ గారూ, మనవాళ్లకి తగిలితేనే అభ్యంతరం.

బెల్‌వ్యూ_బాబాయ్
అవును, మనవాళ్లకి తగిలితేనే. మనవాళ్ల గురించి మనం కాక ఎవరు ఏడుస్తారు? ఇంతదూరం వచ్చాక చెప్తున్నా వినండి. 2020 మే 30న డౌన్‌టౌన్‌లో నా శాండ్‌విచ్ షాపు ముందు అద్దాలు మొత్తం పగలగొట్టారు, క్యాష్ రిజిస్టరు ఎత్తుకుపోయారు, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ రోడ్డు మీద పడేశారు. పోలీసులకి ఫోన్ చేస్తే మేమే రాలేని పరిస్థితి అన్నారు. తెల్లారి నేనూ మా ఆవిడా చీపుర్లు పట్టుకుని గాజు ఊడ్చుకున్నాం. ఆ వారం ఈ సంఘం గ్రూపులో అందరూ నల్లవాళ్లకి మద్దతుగా నల్ల చతురస్రాలు పెట్టుకున్నారు, పెద్దపెద్ద వ్యాసాలు రాసుకున్నారు. షాపు ఎలా ఉంది బాబాయ్ అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అంతకుముందు నాలుగు ఉగాదులకి స్పాన్సర్ నేనే. అక్టోబరులో షాపు మూసేశాను. ఇప్పుడు నన్ను అదే జనానికి చందా ఇమ్మంటున్నారు.

ఈస్ట్‌సైడ్_చింటు
ఇన్సూరెన్స్ వచ్చిందిగా అంకుల్.

బెల్‌వ్యూ_బాబాయ్
నోరు మూసుకో.

కోశాధికారి
ఇద్దరూ ఆపండి. చింటు, ఆ కామెంట్ తీసెయ్.

వాన_పిల్ల
అప్పటికి నేను ఇండియాలోనే ఉన్నాను, ఈ సంగతి నాకు తెలియదు. అడగకపోవడం అన్యాయమే. కానీ మీ అద్దాలు పగలగొట్టినవాళ్లు, రెయినియర్ వ్యాలీలో పిల్లలకి అన్నం పెట్టేవాళ్లు ఒకటే అని మీకెవరు చెప్పారు? ఎవరో పోలీసు నవ్వితే "ఆ ఒక్కడి తప్పు" అన్నారు. మీ షాపు మీదికొచ్చింది మాత్రం "అదే జనం" అయిపోయారు.

ఆదోని_అబ్బాయి
ఇది అడగాలనే కాచుకు కూర్చున్నా. అక్క అడిగేసింది.

లెక్కల_మనిషి
బాబాయ్ గారి బాధ అర్థమైంది. అయితే ఆ మే 30 నాటికి బడ్జెట్‌లో ఒక్క డాలరూ తగ్గలేదు, పోలీసులు పూర్తి బలంతోనే ఉన్నారు. అయినా రాలేదు. ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

బెల్‌వ్యూ_బాబాయ్
నువ్వొకడివి. సరే, ఓటింగ్‌లో ఓడిపోతే ఓడిపోతాను, కానీ నా డబ్బు అందులో కలపడానికి వీల్లేదు. ఈ ఏడాది నేనిచ్చిన 1,500 విడిగా చూపించి పిల్లల నిధికే వేయండి.

కోశాధికారి
అది చేయొచ్చు, స్పాన్సర్లు ఎవరైనా అలా చెప్పొచ్చు. ఆదివారం నాలుగింటికి లైబ్రరీ మీటింగ్ రూములో. ఆ సంస్థ కోచ్ వచ్చి పది నిమిషాలు మాట్లాడతాడు.

కిర్క్‌లాండ్_కోడలు
బాబాయ్ గారూ, మీరు రండి. 2020 మే 30న ఎక్కడున్నావని ఆయన్నే అడగండి, అందరి ముందే.

బెల్‌వ్యూ_బాబాయ్
వస్తా. అడుగుతా కూడా.

ఆడిటర్_సుబ్బు
సభ్యుడు కానివాడు జనరల్ బాడీలో మాట్లాడొచ్చని మన బైలాస్‌లో ఎక్కడుంది?