నేచురల్ 1 పడితే కత్తి విరగాల్సిందేనా? మీ టేబుల్ రూల్స్ చెప్పండి

అర్ధరాత్రి_డీఎం
మేం ఐదుగురం, కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లోనే శనివారం రాత్రుళ్లు ఆడతాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ), పాచికలేసి కథ నడిపే ఆట; కథ నడిపే డీఎంని నేనే. ఫిఫ్త్ ఎడిషన్, 2014 పుస్తకాలు. మాలో ఒకడు 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (మార్చిన రూల్స్ పుస్తకం) కొన్నాడు, అప్పటి నుంచి వారానికో తగాదా.

మొన్నటి సంగతి. మా ఫైటర్ (కత్తివీరుడి పాత్ర) ఐదో లెవెల్, రెండో అటాక్‌లో నేచురల్ 1 పడింది, అంటే ఇరవై ముఖాల పాచిక (డీ20) మీద ఒకటి. మా ఇంటి రూల్ ప్రకారం 1 పడితే ఫంబుల్ టేబుల్ (తడబాటుకి శిక్షల పట్టిక) తీసి డీ100 (1 నుంచి 100 వరకు రోల్) వేయాలి. వేశాడు, 97. నేను పైకి చదివాను: "ఆయుధం విరిగింది." అది వాళ్ల నాన్న కత్తి. క్యారెక్టర్ కథ రెండు పేజీలు రాసుకొచ్చిందే ఆ కత్తి గురించి. గొడవ పెట్టుకున్నా బాగుండేది, పెట్టుకోలేదు. షీట్‌లో లాంగ్‌స్వోర్డ్ అని రాసున్న చోట పెన్సిల్‌తో ఒక గీత గీశాడు, అంతే. మిగతా మూడు గంటలూ "కొడుతున్నా" తప్ప ఇంకో మాట లేదు.

అందుకే అడుగుతున్నా. ఫంబుల్ మీరు ఉంచారా, తీసేశారా? డైస్ టేబుల్ మీంచి కింద పడితే లెక్కేనా? హీలింగ్ పోషన్ తాగడానికి ఆ టర్న్‌లో యాక్షన్ (ప్రధానమైన పని) మొత్తం పోవాలా, బోనస్ యాక్షన్ (అదనపు చిన్న పని) చాలా? ఇంకోటి, మా బార్డ్ (పాటగాడి పాత్ర) రాజుగారిని కిరీటం ఇచ్చేయమని అడిగి పర్సుయేషన్‌కి (ఒప్పించే రోల్) 20 వేశాడు, ఇవ్వాల్సిందేనా?

థాకో_తాత
బాబూ, నేను 1996 నుంచి ఆడుతున్నా, సెకండ్ ఎడిషన్. హాస్టల్లో పుస్తకం ఒక్కటే, మిగతా అందరివీ జిరాక్స్ కాపీలు, ఎనిమిది మందికి ఒకే డీ20. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) ఎంత తగ్గితే అంత మంచిదన్న కాలం అది, థాకో (ఆర్మర్ క్లాస్ 0ని కొట్టడానికి కావాల్సిన అంకె) లోంచి తీసివేతలు చేసుకుంటూ కొట్టేవాళ్లం, ఎవడూ క్యాలిక్యులేటర్ అడగలేదు. నా మొదటి మేజ్ (మంత్రగాడు) రెండు హిట్ పాయింట్లతో (ప్రాణం లెక్క) పుట్టాడు, మొదటి గదిలోనే ఎలుక కరిచి పోయాడు. ఇంకో షీట్ తీసుకుని పేరు చివర "రెండోవాడు" అని రాసుకున్నా. ఇప్పుడేమో కత్తి విరిగిందని అలకలు. లాంగ్‌స్వోర్డ్ 15 బంగారు నాణేలు, కొనుక్కోమనండి.

రెండుపాచికలు
తాతగారూ, ఎలుక కథ ఈ ఫోరంలో మూడోసారి చదువుతున్నాం.

డీఎం అన్నా, ఫంబుల్ తీసెయ్. లెక్క చూడు. ఐదో లెవెల్ ఫైటర్‌కి రౌండుకి రెండు అటాక్‌లు, ఐదు రౌండ్ల ఫైట్‌లో పది రోల్స్. పదిలో ఒక్కసారైనా 1 పడే అవకాశం 40 శాతం. యాక్షన్ సర్జ్ (ఒక టర్న్‌లో ఇంకో యాక్షన్) వాడిన రౌండ్‌లో నాలుగు రోల్స్, ఆ ఒక్క రౌండ్‌లోనే 18.5 శాతం. ఇరవయ్యో లెవెల్‌కి రౌండుకి నాలుగు అటాక్‌లు, అంటే ప్రపంచంలోనే గొప్ప కత్తివీరుడు ఐదారు రౌండ్లకోసారి (రౌండంటే ఆరు సెకన్లు) కాలు జారి పడాలి. పక్కన విజార్డ్ ఫైర్‌బాల్ వేస్తాడు, అసలు అటాక్ రోలే లేదు, సేవ్ (తప్పించుకునే రోల్) వేయాల్సింది అవతలివాళ్లు. ఫైటర్ ఎంత నేర్చుకుంటే అంత ఎక్కువ జారిపడతాడన్నమాట. ఇది రూల్ కాదు, జరిమానా.

థాకో_తాత
లెక్కలు నాకు చెప్పకు. 1 పడటం ఐదు శాతం, ఆపైన ఆ టేబుల్లో కత్తి విరగడం ఎన్ని అంకెలకి? అది అడక్కుండా 40 శాతం అని బెదిరిస్తావేంటి?

అర్ధరాత్రి_డీఎం
97 నుంచి 100 వరకు తాతా. నాలుగు.

థాకో_తాత
విన్నావా? ఐదు శాతంలో నాలుగు శాతం. అయిదొందల అటాక్‌లకి ఒకసారి. దానికింత రాద్ధాంతం.

రెండుపాచికలు
మిగతా 96 ఏం చేస్తాయో అడగండి మరి. పక్కవాడికి తగలడం, కత్తి జారిపోవడం, బోర్లా పడటం, ఏదైనా ఆ టర్న్ పోయినట్టేగా. అయినా అయిదొందల్లో ఒకటి అనేది వినడానికి బాగానే ఉంది, ఆ ఒకటి వాళ్ల నాన్న కత్తి మీద పడ్డాక సగటు చెప్తే ఎవరికి కావాలి?

కూకట్‌పల్లి_క్లెరిక్
ఫంబుల్ సంగతి వదిలేయండి, మా గోడు వినే నాథుడు లేడు. మూడేళ్లుగా మా గ్రూపులో క్లెరిక్‌ని (వైద్యం చేసే పూజారి పాత్ర) నేనే, ఇంకెవరూ తీసుకోరు కాబట్టి. మా డీఎం గారికి ఒకరోజు జ్ఞానోదయం అయింది: హిట్ పాయింట్లు సున్నాకి పడి లేచినవాళ్లకి ఒక ఎగ్జాస్షన్ (అలసట) లెవెల్. వినడానికి బాగుంది, బొంగరంలా పడుతూ లేస్తూ ఉండకూడదని. జరిగిందేంటి? బార్బేరియన్ ఒకే ఫైట్‌లో మూడుసార్లు పడ్డాడు, అరవై అడుగుల దూరం నుంచి హీలింగ్ వర్డ్ మంత్రం వేసి మూడుసార్లు లేపా. మూడో లెవెల్‌కి అటాక్‌లన్నీ డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం), సేవ్‌లన్నీ డిసడ్వాంటేజ్. పడుకుని లేస్తే రోజుకి ఒక్కటే తగ్గుతుంది. వాడు నన్ను తిట్టాడు! "అక్కా, ఎందుకు లేపావ్?" అని. ప్రాణం పోస్తే తిట్లు తిన్న డాక్టర్ని నేనొక్కదాన్నే అనుకుంటా.

విశాఖ_విజార్డ్
అక్కా, మీ డీఎంకి 2024 రూల్ చూపించండి, ఎగ్జాస్షన్ లెవెల్‌కి డీ20 రోల్ మీద 2 తగ్గుతుంది, వేగం ఐదు అడుగులు తగ్గుతుంది, అంతే. అప్పుడు ఆ ఇంటి రూల్ కాస్త మనుషులు ఆడేలా ఉంటుంది.

ఇక ఫైర్‌బాల్ పేరెత్తి మమ్మల్ని ఆడిపోసుకోకండి. ఫైటర్ దెబ్బ తింటే దెబ్బే. మేం దెబ్బ తింటే కాన్సంట్రేషన్ సేవ్ (మంత్రం చెదరకుండా నిలుపుకునే రోల్), దాటాల్సింది 10 లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. నిన్న హేస్ట్ (వేగం పెంచే మంత్రం) వేసిన మరుసటి రౌండ్‌లోనే గోబ్లిన్ విసిరిన బాణానికి పోయింది. హేస్ట్ పోతే తీసుకున్నవాడు ఒక టర్న్ కదలడు, వాడూ నన్నే చూశాడు అదోలా.

గుంటూరు_గోబ్లిన్
అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. కింద పడిన డైస్ చెల్లదు. అంతే. చర్చ అనవసరం.

మా ఇంట్లో అమ్మమ్మ దగ్గర అష్టా చెమ్మా నేర్చుకున్నాం. గవ్వ గడి దాటి గచ్చు మీదకి పోతే మళ్లీ వెయ్యాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నా మళ్లీ వెయ్యాలి. అష్టా వరుసగా మూడుసార్లు పడితే మూడూ మురిగిపోతాయి. దాని మీద ఎవరూ అప్పీలు చేసుకోలేదు, అమ్మమ్మ చెప్పాక చెప్పినట్టే. అసలు డీఎం అంటే అలా ఉండాలి.

విశాఖ_విజార్డ్
ఎందుకు చెల్లదు? నేల కూడా బల్లపరుపే. పాచికకి టేబుల్ అని తెలుసా, నేల అని తెలుసా? చిత్రమేంటంటే కింద పడి 20 వస్తే "చెల్లదు" అంటారు, 3 వస్తే "సర్లే పోనీ" అంటారు. మా గ్రూపులో ఇది కళ్లారా చూశా.

గుంటూరు_గోబ్లిన్
మా గ్రూపులో ఒకడు కావాలని గట్టిగా విసిరేవాడు సార్. పడ్డాక వాడొక్కడే సోఫా కిందకి వంగి, అక్కడి నుంచే "పద్దెనిమిది!" అని అరిచేవాడు. మేం ఫోన్ లైట్ వేసేలోపు డైస్ చేతిలో ఉండేది. అందుకే ఈ రూల్. పాచిక మీద అనుమానం లేదు, మనిషి మీదే.

విశాఖ_విజార్డ్
అయితే మనిషిని మార్చండి, రూల్ ఎందుకు?

గుంటూరు_గోబ్లిన్
వాడు మా బావమరిది.

రెండుపాచికలు
😂 ఇక్కడితో ఈ ప్రశ్న మూసేయొచ్చు.

ఒక సలహా, డైస్ మీద అనుమానం ఉంటే ఉప్పునీళ్లలో వేసి చూడండి. గ్లాసులో ఉప్పు కలుపుతూ పోతే ఒక దశలో ప్లాస్టిక్ డైస్ తేలుతుంది. వేలితో తిప్పి వదిలితే ప్రతిసారీ ఒకే అంకె పైకి వస్తుంటే బరువు ఒక పక్కకి ఉన్నట్టు, లోపల గాలి బుడగ ఉన్నా అంతే. నా ఆకుపచ్చ డీ20 పదిసార్లలో ఏడుసార్లు 2 పైకి చూపించింది. డీ20లో ఎదురెదురు ముఖాల మొత్తం 21, అంటే 19 వైపు బరువు ఉందన్నమాట. రెండేళ్లు దాంతోనే ఆడా, దురదృష్టం అనుకుంటూ.

థాకో_తాత
మేం ఉప్పు పప్పులో వేసుకునేవాళ్లం.

న్యూజెర్సీ_నక్క
కిరీటం ప్రశ్నకి నేను చెప్తా, మిగతావి మీరు తేల్చుకోండి. పుస్తకం ప్రకారం నేచురల్ 20 అద్భుతం చేసేది అటాక్ రోల్‌కి, ఆ తర్వాత డెత్ సేవ్‌కి (సున్నాకి పడ్డాక ప్రాణం కోసం వేసే రోల్, 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో లేస్తావు). పర్సుయేషన్ లాంటి చెక్‌లకి 20 అంటే 20 ప్లస్ నీ మాడిఫయర్ (పాత్ర నైపుణ్యానికి కలిపే అంకె), అంతే. చాలామంది బాల్డర్స్ గేట్ 3 (డీ అండ్ డీ వీడియో గేమ్) ఆడి వచ్చారు, ఆ గేమ్‌లో చెక్‌కి 20 పడితే గెలుపే, అందుకే ఇక్కడా అదే అనుకుంటారు.

కానీ అసలు తప్పు నీదే తమ్ముడూ. రాజు కిరీటం ఇవ్వడని నీకు ముందే తెలుసు. తెలిసీ రోల్ ఎందుకు వేయించావు? పాచిక చేతికి ఇచ్చావంటే "అవకాశం ఉంది" అని మాటిచ్చినట్టే. రోల్ అడగకపోతే గొడవే లేదు. వేయించేశావు కాబట్టి ఇప్పుడు 20కి రాజు ఇవ్వగలిగిన దాంట్లో అన్నిటికన్నా మంచిది ఇవ్వాలి. మా టేబుల్లో ఇలాగే జరిగితే రాజు పడీపడీ నవ్వి, బార్డ్‌ని మెడ పట్టి గెంటించకుండా రాత్రి భోజనానికి పిలిచాడు. 2 పడి ఉంటే జైలు. ఆ భోజనం దగ్గరే మంత్రి కుట్ర బయటపడింది, నాలుగు నెలల కథ నడిచింది.

విశాఖ_విజార్డ్
నక్కగారూ, డీఎంకి అన్ని మాడిఫయర్లూ గుర్తుండవుగా, ఎవరు దాటగలరో ఎవరు దాటలేరో ముందే ఎలా తెలుస్తుంది? అడగడమే సులువు.

న్యూజెర్సీ_నక్క
మాడిఫయర్ సంగతి కాదు నేను చెప్పేది. రాజు కిరీటం ఇవ్వడానికి మాడిఫయర్ ఎంత కావాలి, నువ్వే చెప్పు?

థాకో_తాత
థర్డ్ ఎడిషన్‌లో క్రిటికల్ (20 పడితే తగిలే పెద్ద దెబ్బ) కూడా ఊరికే వచ్చేది కాదు, ఇంకో రోల్ వేసి ఖాయం చేసుకోవాలి. ఎవరికీ తెలియదు ఇప్పుడు. 20 పడగానే గంతులేస్తున్నారు. ఆపైన క్రిటికల్‌కి "మొత్తం డ్యామేజ్ డబుల్" అంటూ స్ట్రెంత్ బోనస్ కూడా రెండింతలు చేస్తున్నారు. పాచికలే రెండింతలు, బోనస్ ఒక్కసారే. ఈ ఫోరంలో సగం మంది తప్పు ఆడుతున్నారు, రాసిస్తా.

కూకట్‌పల్లి_క్లెరిక్
తాతగారూ, మీరు రాసిచ్చినవి కలిపితే ఇప్పటికి ఒక ఎడిషన్ అవుతుంది.

గుంటూరు_గోబ్లిన్
ఆగండాగండి, బోనస్ డబుల్ అవ్వదా?? నాలుగేళ్లుగా చేస్తున్నామే

రెండుపాచికలు
అవ్వదు గోబ్లిన్. పెద్ద కత్తితో క్రిట్ కొడితే 2డీ6 (రెండు ఆరు ముఖాల పాచికలు) కాస్తా 4డీ6, బోనస్ ప్లస్ 4 ఉంటే అది అలాగే. పెద్దాయన చెప్పింది కరెక్టే. ఈ వాక్యం టైప్ చేయడానికి రెండు నిమిషాలు పట్టింది.

అర్ధరాత్రి_డీఎం
శనివారం అయిపోయింది, చెప్పేస్తా. ఆట మొదలెట్టే ముందే ఫంబుల్ టేబుల్ కాగితం మధ్యలో పెట్టి, "ఇది తీసేస్తున్నా, కత్తి అతికించే కమ్మరి ఊళ్లో ఉన్నాడు, డబ్బు కూడా అక్కర్లేదు" అన్నా. మా ఫైటర్ చాలాసేపు మిరపకాయ బజ్జీ నములుతూ కూర్చుని, "అతికించొద్దు" అన్నాడు. సగం కత్తితోనే ఆడతాడట. తండ్రిని చంపినవాడి దగ్గర మిగతా సగం దొరికేవరకు. అంటే వారమంతా అలిగి లేడు, రాసుకుంటూ కూర్చున్నాడు! జేబులోంచి ఇంకో రెండు పేజీలు తీశాడు.

సగం కత్తికి షార్ట్‌స్వోర్డ్ లెక్క ఇచ్చా, డీ8 బదులు డీ6. బార్డ్‌ని రాజు భోజనానికి పిలిచాడు (నక్కగారూ, థాంక్స్, కొట్టేశా). కింద పడిన డైస్ చెల్లదు అని గోడకి రాసి అంటించాం.

పోషన్ ప్రశ్నకి మాత్రం ఇప్పటికీ ఒక్కరూ జవాబివ్వలేదు.

థాకో_తాత
షార్ట్‌స్వోర్డ్ పియర్సింగ్ (పొడిచే దెబ్బ). విరిగిన కత్తికి మొన ఎక్కడుంది? స్లాషింగ్ (కోసే దెబ్బ) ఇవ్వాలి. ఫినెస్ (బలం బదులు చురుకుతనంతో కొట్టే వీలు) కూడా ఇవ్వకూడదు, బరువంతా పిడి దగ్గరే ఉంటుంది.

విశాఖ_విజార్డ్
బరువు పిడి దగ్గరుంటే చేతికి ఇంకా తేలికేగా తాతా, ఫినెస్ ఇవ్వాల్సింది అందుకే.

థాకో_తాత
కత్తి ఎప్పుడైనా పట్టుకున్నావా నువ్వు?

విశాఖ_విజార్డ్
మీరు పట్టుకున్నారా?

కూకట్‌పల్లి_క్లెరిక్
పోషన్: 2014లో తాగడానికి యాక్షన్, 2024లో బోనస్ యాక్షన్. మా ఇంటి రూల్ ఏంటంటే కంగారుగా బోనస్ యాక్షన్‌లో తాగితే 2డీ4 ప్లస్ 2 రోల్ వేసుకోవాలి, కుదురుగా యాక్షన్ పెట్టి తాగితే రోల్ లేకుండా పూర్తి 10. క్లెరిక్‌కి పని తగ్గుతుంది, నా ఓటు దీనికే.

గుంటూరు_గోబ్లిన్
తాగుతుంటే సీసా కింద పడితే?