ట్రైగ్లిజరైడ్లు 360 ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఏ అంకె నమ్మాలి?

ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు, డాక్టర్లు చెప్తారని అడుగుతున్నాను. షుగర్ ఉన్న 55 ఏళ్ల మనిషి రిపోర్టు ఇది, 12 గంటలు పరగడుపున ఇచ్చిన రక్తం: మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 360. ఫార్ములా ప్రకారం ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ (ట్రైగ్లిజరైడ్లను మోసే కణాల్లోని కొలెస్ట్రాల్) 72. మొత్తంలోంచి దాన్నీ, హెచ్‌డీఎల్‌నీ తీసేస్తే ఎల్‌డీఎల్ 106. అదే శాంపిల్‌కి డైరెక్ట్ పద్ధతిలో (లెక్క కట్టకుండా నేరుగా కొలిస్తే) 131 వచ్చింది.

తేడా ఎందుకొస్తుందో తెలుసు. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఆ 5 అనే భాగహారం చెదిరిపోతుంది. వీఎల్‌డీఎల్‌ని ఎక్కువగా, చెడు కొలెస్ట్రాల్‌ని తక్కువగా చూపిస్తుంది. 400 దాటితే ఆ ఫార్ములా వాడకూడదంటారు. కానీ 360 దగ్గరే ఇంత తేడా ఉంటే మందు డోసు దేన్ని బట్టి నిర్ణయించాలి?

నాకైతే 212లోంచి 34 తీసేస్తే వచ్చే నాన్‌-హెచ్‌డీఎల్ 178 మీదే గురి ఉంది. రక్తనాళాల్లో పేరుకునే రకాలన్నీ అందులో ఉంటాయి, పైగా ట్రైగ్లిజరైడ్ల లెక్క దానికి అడ్డురాదు. ఎల్‌డీఎల్ లక్ష్యం 70 అయితే దీనికి 100.

మీరు డైరెక్ట్ ఎల్‌డీఎల్ రీయేజెంట్లని (పరీక్షకు వాడే రసాయనాలని) ఈ స్థాయిలో నమ్ముతారా? అపోబీ (చెడు కొలెస్ట్రాల్ కణాల మీద ఉండే ప్రొటీన్) పరీక్ష కూడా చేయిస్తే చికిత్స నిజంగా మారుతుందా, లేక ముందు షుగర్ అదుపులోకి తెచ్చి మళ్లీ చూడటం మేలా? దయచేసి కారణంతో సహా చెప్పండి. హెచ్‌డీఎల్ పెంచే మాత్రల సలహా మాత్రం వద్దు. స్టాటిన్‌కి (కొలెస్ట్రాల్ తగ్గించే మందుకి) నియాసిన్ జోడించి హెచ్‌డీఎల్‌ని పెంచినా గుండెపోట్లు తగ్గలేదని పెద్ద ట్రయల్స్‌లోనే తేలింది.